రెండు వరసల దారాలు

ఈసారి గుడి సంగతులు లేవు. మా అమ్మాయి కొత్త పారాగ్లైడర్ కొంటానంటోంది. కొనాలా వద్దా అని ఇంట్లో నెల రోజులుగా మాటలు నడుస్తున్నాయి. అన్నీ ఇంగ్లీషులోనే. అందుకని ఒకసారి తెలుగులో ఆలోచించి చూద్దామని రాస్తున్నాను. తెలుగులో నేను నెమ్మదిగా ఆలోచిస్తాను. భయపడటం కూడా నెమ్మదిగానే భయపడతాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పారాగ్లైడర్ అంటే గుడ్డతో కుట్టిన రెక్క. ఇంజను ఉండదు. ముందు అంచున ఉన్న నోళ్లలోంచి గాలి దూరి ఉబ్బితేనే అది రెక్క, లేకపోతే ఉత్త గుడ్డ. కింద సన్నటి దారాలు, దారాల చివర కుర్చీలాంటి పట్టీ, అందులో నా కూతురు. వేడి గాలి లేచే చోట చక్కర్లు కొడుతూ పైకి వెళ్లి, అక్కడినుంచి జారుతూ ఇంకో వేడి గాలిని వెతుక్కుంటారు. ఇలా దూరాలు పోవడమే క్రాస్ కంట్రీ. 2008 డిసెంబరులో మన దక్షిణాఫ్రికా పైలట్ నెవిల్ హ్యూలెట్ నార్తర్న్ కేప్‌లోని కాపర్టన్ నుంచి 502.9 కిలోమీటర్లు ఎగిరాడు. ఐదు వందలు దాటిన మొదటి మనిషి ఆయనే. డర్బన్ నుంచి జోహానెస్‌బర్గ్‌కి గీత గీస్తే దాదాపు అంత దూరం. మా అమ్మాయిది అంత పెద్ద ఆశ కాదు. బుల్వర్ కొండ మీంచి లేచి, చీకటి పడేలోపు మా అల్లుడు కారుతో వెళ్లి తీసుకురాగలిగినంత దూరం.

నేను ముప్పై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో ప్యాటర్న్ కటింగ్ చేశాను. ఇప్పుడు గుడిలో ఉత్సవమూర్తులకి బట్టలు కుడతాను. అందుకే ఈ కొత్త రెక్కల గురించి చదువుతుంటే ముందు నాకు కుట్టే కనిపించింది. చదునైన గుడ్డకి గాలి నింపితే దిండులా ఉబ్బుతుంది, ముందు అంచున ముడతలు పడతాయి. గాలికి ముడతలు నచ్చవు. ఇప్పుడు ఏం చేస్తున్నారంటే, ఆ ముందు భాగాన్ని ఒకే ముక్కగా కత్తిరించకుండా రెండు మూడు ముక్కలుగా, అంచులు వంపుగా కత్తిరించి కలిపి కుడుతున్నారు. దీన్ని 3డి షేపింగ్ అంటారు. జాకెట్టుకి డార్ట్ వేయడం కూడా ఇదే పని కదా! వెనక అంచున సెల్‌కీ సెల్‌కీ మధ్య చిన్న చిన్న అరగోడలు కుడతారు, అక్కడ కూడా ఉబ్బకుండా.

ఇంకొకటి షార్క్ నోస్. ముక్కు కొంచెం ముందుకి పొడుచుకొచ్చి, గాలి నోరు కిందకి, వెనక్కి జరుగుతుంది. రెక్క ముందుకి వంగినా వెనక్కి వాలినా లోపల గాలి ఒత్తిడి తగ్గదు. ముక్కు లోపల ప్లాస్టిక్ పుల్లలు కానీ నిటినాల్ తీగలు కానీ ఉంటాయి. మడతపెట్టేటప్పుడు అవి వంగిపోకూడదు. అందుకని చీర కుచ్చిళ్లు పెట్టినట్టు ఒక్కొక్క గోడనీ ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఈ పని మా అమ్మాయి కంటే నేనే బాగా చేస్తాను.

ఆ పుల్లల వల్లే అసలు మార్పు వచ్చింది. పూర్వం రెక్క కింద నాలుగు వరసల దారాలుండేవి. తర్వాత మూడయ్యాయి. ఇప్పుడు రెండే. ముక్కు తన ఆకారం తనే నిలబెట్టుకుంటే ఇన్ని దారాలు ఎందుకు? ప్రతి దారం గాలిని కోస్తుంది, వేగం తింటుంది. పైగా మూడు వరసల రెక్కలో స్పీడ్ బార్ తొక్కి, వెనక దారాలు లాగితే రెక్క కొంచెం వంకర పోతుంది. రెండు వరసల్లో వెనకవి లాగితే రెక్క మొత్తం ఒక్కటిగా వాలుతుంది. కుదుపుల గాలిలో వేగం తగ్గించకుండానే సర్దుకోవచ్చు. "అమ్మా, ఇది భద్రత కోసమే" అంటుంది మా అమ్మాయి. ఆ మాట నిజమే.

కానీ ఈ రెండు వరసలు ముందు పోటీ రెక్కల్లో వచ్చాయి, 2010 ప్రాంతంలో. 2011లో స్పెయిన్‌లోని పియెద్రహితాలో ప్రపంచ పోటీల్లో ఇద్దరు పైలట్లు చనిపోయారు. పోటీలు ఆపేశారు, ఆ తరగతి రెక్కలని పక్కన పెట్టారు. తర్వాత చాలా నేర్చుకున్నారు, మెరుగు చేశారు. ఇప్పుడు ఓజోన్ ఫోటాన్ లాంటివి ఈఎన్ సి తరగతిలోనే రెండు వరసలతో వస్తున్నాయి. మా అమ్మాయి ఇప్పటి రెక్క ఈఎన్ బి.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. పరీక్షలో రెక్కని కావాలని ముడిచి, ఎలా తెరుచుకుంటుందో చూస్తారు. రెండు వరసల రెక్కలో ముందు దారాలు అంచుకి చాలా వెనక ఉంటాయి. వాటిని లాగితే రెక్క సరిగ్గా ముడుచుకోదు. అందుకని పరీక్షకి వేరే దారాలు కట్టి ముడుస్తారు. ఆ దారాలు మనం ఎగిరే రెక్కకి ఉండవు. మోసం అనను, అందరికీ తెలిసిన పద్ధతే. కానీ ఫ్యాక్టరీలో శాంపిల్‌కి ఒక కుట్టు, ఆర్డరుకి ఇంకో కుట్టు వేస్తే మా సూపర్‌వైజరు ఒప్పుకునేది కాదు.

ఇంకా ఉంది. సి తరగతి ఎవరికి? ముడుచుకున్న రెక్కని సర్దడం వచ్చి, క్రమం తప్పకుండా ఎగిరే వాళ్లకి. మా అమ్మాయికి సర్దడం వచ్చు. క్రమం తప్పకుండా అన్న మాట దగ్గరే నేను ఆగాను. పాప పుట్టాక పోయిన ఏడాది ఎగిరింది ఇరవై గంటలు. ఈ మాట అన్నప్పుడు అల్లుడు కిటికీ వైపు చూశాడు. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు రెక్క గురించి మాట్లాడతావనుకున్నాను" అంది. "రెక్క గురించే కదమ్మా," అన్నాను.

ప్రస్తుతానికి కుదిరింది ఇది. ఈ వేసవి అంతా పాత రెక్క మీదే ఎగురుతుంది, దాని దారాలు కొలిపించి. యాభై గంటలు నిండితే కొత్తది. నీటి మీద చేసే ఎస్ఐవి కోర్సు కూడా. ఆ వారం పాప నా దగ్గరే ఉంటుంది. ఈలోగా శనివారం చూడటానికని ఒక డెమో రెక్క వస్తోంది. ముక్కు కుట్లు చూడాలి, నేను కూడా వెళ్తున్నాను.