జటాయువుల పుట్టిల్లు

సిమ్లా చూడబోయే మనవాళ్లు చండీగఢ్‌లో దిగి, కాల్కా దారిని పోతూ పింజోరులో ఒక పూట ఆగుతారు. ఔరంగజేబు పాలసోదరుడు ఫిదాయీఖాన్ వేయించిన మెట్లమెట్ల తోట, నడుమ పారే నీటికాలువలు, చెట్ల నీడ ప్రయాణపు బడలికను యిట్టే తీర్చుతాయి. వనవాసకాలంలో పాండవులు యిక్కడ కొన్నాళ్లు వున్నారని స్థలపురాణం.

ఆ తోటకు కొద్ది దూరంలో, శివాలిక్ కొండల పాదాన, అడవి అంచున మరొక ప్రదేశం వున్నది. అది రాబందుల పెంపకకేంద్రం. పేరు మాత్రం జటాయువుది!

రాబందును పెంచటమేమిటని ముక్కున వేలు వేసుకోకండి. ఒకప్పుడు ఊరిబయట గొడ్డు చచ్చిందంటే చాలు, ఎక్కడినుంచో గుంపులుగా దిగేవి. పూట గడిచేసరికి ఎముకలే మిగిలేవి. 1990 తరువాత అవి కనుమరుగు కాసాగాయి. 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి కూడా మిగలలేదు. తినేవి లేక కళేబరాలు కుళ్లాయి, ఊరకుక్కలు పెచ్చుపెరిగాయి.

మొదట ఏదో అంటురోగమనుకున్నారు. అసలు సంగతి 2004లో లోకానికి తెలిసింది. కారణం పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు. కుంటుతున్న ఎద్దుకూ, పొదుగువాపుతో బాధపడే ఆవుకూ రైతు జాలిపడి యిప్పించిన మందే అది. ఆ పశువు చచ్చి రాబందు నోటబడితే, పక్షి మూత్రపిండాలు చెడి కొద్దిరోజులలో ప్రాణం పోయేది. నూరు కళేబరాలలో ఒక్కదానిలో ఆ మందున్నా జాతి నాశనానికి చాలునట!

ఎవరిని తప్పుపట్టగలం? గొడ్డు బాధ చూడలేని రైతునా? మందు రాసిన డాక్టరునా? ఎవరికీ తెలియదు. తెలిసిన తరువాత ఏం చేశారన్నదే ప్రశ్న.

2006లో పశువులకు ఆ మందు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. బదులుగా రాబందులకు హాని చేయని మెలాక్సికాం వున్నది. అయినా మనుషుల కోసం అమ్మే పెద్దసీసాలు దొడ్డిదారిన పశువుల పాకలకు చేరేవి. అందుకని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో అటువంటి మందులే మరి రెంటిని ఆపారు.

పింజోరులో పని అంతకన్న నిదానం. హర్యానా అటవీశాఖ, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ కలిసి 2001లో ప్రారంభించాయి. రాబందు ఏటికి పెట్టేది ఒకే గుడ్డు. దానిని తీసి యంత్రంలో పొదిగిస్తే కొన్ని జంటలు మరొకటి పెడతాయి. మేతకు తెచ్చిన మేకలను వెంటనే కోయరు. ఒంట్లో ఏ మందైనా వుంటే పోవాలని కొన్నాళ్లు దొడ్డిలో కట్టివుంచుతారు. ఒకసారి తగిలిన దెబ్బ నేర్పిన జాగ్రత్త అది. 2020లో ఎనిమిది తెల్లవీపు రాబందులను పంజరం తెరచి ఆకాశంలోకి వదిలారు.

కోట్లలో పోయినవాటికి ఎనిమిది! నవ్వు రావచ్చు. కాని ఏటికొక గుడ్డు లెక్కన తీర్చవలసిన అప్పుకు వేరే మార్గం లేదు.

మీ ఊళ్లో పశువుకు సూది వేయించేటప్పుడు అది ఏ మందో డాక్టరుగారిని ఒకమాట అడగండి. పింజోరు దాకా వెళ్లనవసరం లేకుండానే అక్కడి పనిలో చెయ్యివేసినవారవుతారు.