కరక్కాయకు ఆస్ట్రేలియాలో చుట్టం

విటమిన్ సి అనగానే మనకు ఉసిరి గుర్తొస్తుంది. దాన్నీ వెనక్కి నెట్టే కాయ ఉత్తర ఆస్ట్రేలియా అడవుల్లో ఉంది. పేరు కకడు ప్లమ్. కింబర్లీ వైపు ఆదివాసులు గుబింజ్ అంటారు. బుల్లి పచ్చకాయ, నోట్లో పెడితే పులుపూ వగరూ. వగరు ఉండదా మరి, మన కరక్కాయ, తానికాయ, నల్లమద్దిలది కూడా ఇదే కుటుంబం!

100 గ్రాముల కమలాపండులో విటమిన్ సి 50 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. కకడు ప్లమ్‌లో 2,000 దాటడం మామూలే. 1982లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ సంగతి వచ్చింది. ఆదివాసులు మాత్రం తరతరాలుగా కాయ తింటూనే ఉన్నారు, లోపలి బెరడును పుండ్లకు మందుగా వాడుతూనే ఉన్నారు. తర్వాత ఒక అమెరికన్ సౌందర్య సాధనాల కంపెనీ ఈ కాయ సారం మీద పేటెంట్ కూడా అడిగింది. మన వేప, పసుపు పేటెంట్ల కథలు తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు దీని పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. కొనేవాళ్ళకో మాట: ఇందులో ఆక్సలేట్లూ ఎక్కువే. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా చెంచాలు చెంచాలు కలుపుకోకండి. నేనైతే ఉసిరికాయ పచ్చడితోనే సరిపెట్టుకుంటాను.