సర్దుకుంటుందిలే అన్నాను

మా అక్క కొడుకు జీపు ఘాటీ ఎక్కి వస్తుంటే ఊళ్లో అందరికన్నా ముందు నాకే తెలిసేది. ఇంజను మోత వల్ల కాదు. వెనక చక్రాల మధ్య నుంచి సన్నగా ఒక ఏడుపు వచ్చేది. యాక్సిలేటరు తొక్కితే గొంతు పెరిగేది, వదిలితే తగ్గిపోయేది. దీపావళి ముందు మొదలైంది. సంక్రాంతి వెళ్లినా పోలేదు. "కొత్త పళ్లు కదరా, అరిగి అవే సర్దుకుంటాయిలే" అని చెప్పింది నేనే. మేస్టారు చెప్పాడు కదా అని వాడు నమ్మాడు. ఆ మాట గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు జీపు సంగతి. ఏజెన్సీలో జీపు అంటే ఏమిటో మన పిల్లలకి చెప్పక్కర్లేదు. సంత రోజున లోపల పది మంది, వెనక మెట్టు మీద నలుగురు, పైన పసుపు బస్తాలు, చింతపండు బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. బస్సు రాని ఊళ్లకి అదే బస్సు. మావాడు కొన్నది మైదానంలో తిరిగిన పాత బండి. మా అక్క గొలుసు తాకట్టు పెట్టి డబ్బు ఇచ్చింది. ఘాటీలో లోడుతో రెండో గేరు లాగేది కాదు. మొదటి గేరుకి దించితే ఇంజను కాగిపోయేది. ఏడాదిలో రెండుసార్లు క్లచ్ ప్లేటు పోయింది. అప్పుడెవరో చెప్పారు, వెనక హౌసింగులో క్రౌన్-పినియన్ మార్చు, ఎద్దులా లాగుతుంది అని.

అది తప్పు మాట కాదు. నేను ఏడో తరగతికి చెప్పే నిష్పత్తి పాఠమే అది. ఇంజను నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పళ్లచక్రం ఉంటుంది, అది పినియన్. అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. మావాడి బండిలో పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 39. షాఫ్టు 4.875 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. కొత్త సెట్టులో 8, 43. అంటే 5.375 చుట్లు. చక్రం దగ్గర లాగే బలం సుమారు పదో వంతు పెరుగుతుంది, అదే వేగానికి ఇంజను పదో వంతు ఎక్కువ తిరగాలి. ముందు చక్రాలకి కూడా పవరు వెళ్లే బండైతే ముందూ వెనకా ఒకే లెక్క ఉండాలి, రెండూ మార్చాలి. లేకపోతే ముందువి ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన గుంజుకుని ఏదో ఒకటి విరుగుతుంది. మావాడి బండికి ముందు షాఫ్టు ఎవరో ఎప్పుడో తీసేశారు. అందుకని వెనకదే మార్చాం.

ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజున వెనక వరసలో కూర్చునే ఒక పిల్ల లేచి, "అయితే మీటరు తప్పు చూపిస్తాది కదా మేస్టారూ?" అంది. నాకు తట్టలేదు. నిజమే. జీపులో మీటరు కేబులు షాఫ్టు మొదట్లో, గేర్ల డబ్బా వైపు నుంచి వస్తుంది. చక్రం ఎంత తిరిగిందో దానికి తెలియదు, షాఫ్టు ఎంత తిరిగిందో అదే తెలుసు. 10 కిలోమీటర్లు నడిస్తే 11 చూపిస్తుంది. ఆ పిల్లని ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

కింద టౌన్లో ఒక షెడ్డులో పని చేయించాం. పొద్దున ఇచ్చి సాయంత్రానికి తెచ్చేసుకున్నాం. తెల్లారితే సంత. నిండా లోడు వేసుకుని ఘాటీ ఎక్కాడు. బండి నిజంగానే ఎద్దులా లాగింది. మేమందరం సంతోషపడ్డాం. ఏడుపు ఆ రోజే మొదలైంది.

ఇప్పుడు తెలిసింది అప్పుడు తెలిసి ఉంటే, హౌసింగు విప్పకుండానే సగం సంగతి పట్టుకునేవాళ్లం. మోత ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అని చూస్తే చాలు. తారు రోడ్డు దిగి మట్టి రోడ్డెక్కగానే మోత మారిపోతే అది టైర్లది. వంపులో ఒక పక్కకి బరువు పడినప్పుడు పెరిగి, రెండో పక్కకి తిప్పితే తగ్గితే చక్రం బేరింగును చూడాలి. తిన్నగా వెళ్లేటప్పుడు ఏమీ లేకుండా మలుపులోనే కటకటమంటే, లోపల మలుపుల కోసమే ఉండే చిన్న పళ్లచక్రాలు. బండి కదిలేటప్పుడు ఒక్కసారి 'టంగ్' మంటే ఎక్కడో వదులు ఉంది, షాఫ్టు క్రాసుల్లోనో పళ్ల మధ్యనో. తొక్కినప్పుడే ఏడ్చి వదిలితే ఊరుకుంటే, లేదా వదిలినప్పుడే ఏడిస్తే, పళ్లు ఒకదానికొకటి సరైన చోట తగలడం లేదన్నమాట. తొక్కినా వదిలినా గరగర ఆగకపోతే అది బేరింగు. అందులోనూ పినియన్ బేరింగు గరగర వేగంగా, దగ్గర దగ్గరగా వినిపిస్తుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా అది ఐదు చుట్లకు పైగా తిరుగుతుంది మరి. క్రౌన్ పక్కల బేరింగుల మోత నెమ్మదిగా, లావుగా ఉంటుంది.

మావాడి బండి మొదట తొక్కినప్పుడే ఏడ్చింది. సంక్రాంతి తర్వాత గరగర మొదలైంది, తొక్కినా వదిలినా. హౌసింగు ముక్కు దగ్గర సీలు నుంచి ఆయిల్ కారుతోంది. ఘాటీ ఎక్కి ఆపాక అక్కడ చెయ్యి పెడితే ఆనడం లేదు. వాడు ఒక సాయంత్రం స్కూలుకి వచ్చి, "మామా, దాని గొంతు మారింది" అన్నాడు. అచ్చంగా అదే మాట అన్నాడు. నేను పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే, "ఈ నెల పోనీరా, చూద్దాం" అన్నాను.

మార్చిలో గురుకులం ప్రవేశ పరీక్ష. మా స్కూలు నుంచి పదకొండు మంది. మావాడి జీపులోనే చీకటితో బయల్దేరాం. ఎత్తు ఎక్కుతుండగా వెనక ఏదో నలిగిన చప్పుడు వచ్చింది. చక్రాలు రెండూ బిగుసుకుపోయి బండి ఆగిపోయింది. ఎక్కుతున్నప్పుడు కాబట్టి అక్కడే నిలబడింది. అదే దిగుతున్నప్పుడైతే ఏమయ్యేదో నేను అనుకోను, అనుకోవడం మొదలుపెడితే నిద్ర పట్టదు. అరగంటకి కాఫీ బస్తాల వ్యాను ఒకటి వచ్చింది. డ్రైవరు ఏడుగురికి మించి కుదరదన్నాడు. ఏడుగురిని ఎక్కించాను. ఎవరిని ఆపాలి? ఆ తొందరలో నాకు తోచింది ఒక్కటే, వెనక్కి నడిచి ఇంటికి చేరగలిగిన దగ్గర ఊరి పిల్లలని ఆపుదామని. నలుగురు. అందులో ఆ మీటరు ప్రశ్న అడిగిన పిల్ల ఉంది. ఏమీ అనకుండా దిగి, పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని జీపు కింద వంగి చూసింది.

బండిని ట్రాక్టరుతో లాగించి, ఆర్మీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన దగ్గరికి చేర్చాం. ఆయన విప్పక ముందు తెల్ల ప్లాస్టిక్ బేసిన్ తెప్పించి అందులో ఆయిల్ దింపించాడు. బూడిద రంగులో పాల చాయ. గెడ్డ దాటినప్పుడల్లా లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట. హౌసింగు పైన గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, మాది బురదతో మూసుకుపోయి ఉంది. కాగిన హౌసింగు నీళ్లలో దిగి చల్లారితే లోపల గాలి కుంచించుకుపోతుంది, ఆ రంధ్రం లేకపోతే సీలు అంచుల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆయన అయస్కాంతం ఒకటి ఆ ఆయిల్లో తిప్పాడు. సన్నటి బూడిద పేస్టు అంటుకుంటే పర్వాలేదు, అది మామూలు అరుగుదల అన్నాడు. మా అయస్కాంతానికి వేలికి గుచ్చుకునే ముక్కలు వచ్చాయి.

తర్వాత పాత పినియన్, కొత్త పినియన్ పక్కపక్కన పెట్టి వాటి తలల మీద అంకెలు చూపించాడు. పాతదాని మీద +2. కొత్తదాని మీద -3. నేను అది ఏదో కంపెనీ గుర్తు అనుకున్నాను. ఒక్కో పినియన్ తయారీలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, క్రౌన్ మధ్యకి అది ఎంత దూరంలో కూర్చోవాలో ఆ అంకె చెబుతుంది. అంగుళంలో వెయ్యో వంతు లెక్క. మెకానిక్కులు థౌ అంటారు. ఆ దూరం సరిచేయడానికి బేరింగు కింద షిమ్ములు, అంటే పల్చటి రేకు చుట్లు వేస్తారు. +2 తీసి -3 పెడితే 5 థౌ అదనంగా వేయాలి. సుమారు 0.13 మిల్లీమీటరు. మన నోటుపుస్తకంలో ఒకటి రెండు కాగితాల మందం. షెడ్డులో పాత షిమ్ములే తిరిగి వేశారు. అందుకే పినియన్ క్రౌన్‌కి దూరంగా కూర్చుంది, పన్ను మధ్యలో తగలాల్సిన ఒత్తిడి పన్ను కొనకి పోయింది. ఏడుపు అదే.

"మరి బేరింగు ఎందుకు పోయింది?" అని మావాడు అడిగాడు. "దాన్ని బిగించేటప్పుడు కొలవలేదు నాయనా" అన్నాడాయన. పినియన్ బేరింగులు వదులుగా ఉండకూడదు, మరీ బిగుతుగానూ ఉండకూడదు. తిప్పితే ఎంత బలం పడుతుందో కొలిచి, షిమ్ములతో సరిచేసి బిగించాలి. షెడ్డులో లోపలి బేరింగు పాతదే ఉంచి, చేతి అంచనాతో నట్టు బిగించేశారు. వదులు ఉండిపోయింది. లోడు పడ్డప్పుడల్లా పినియన్ ముందుకీ వెనక్కీ ఆడింది. సీలు కారింది అందుకే. గరగర మొదలైన రోజున షాఫ్టు విప్పి పినియన్‌ని పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూసి ఉంటే చేతికే తెలిసేదన్నాడు. పది నిమిషాల పని.

షెడ్డు కుర్రాడి మీద నాకు కోపం లేదని చెప్పను. కానీ వాడి దగ్గర డయల్ గేజి లేదు, అది ఎందుకో వాడికి ఎవరూ నేర్పలేదు. మేమూ "ఎంతసేపు పడుతుంది" అని అడిగాం తప్ప "ఏమేం కొలుస్తావు" అని అడగలేదు. మొదటి రోజు నుంచే నిండా లోడు వేసింది మేమే. గొంతు మారిందని వాడు వచ్చి చెబితే విననిది నేను.

బేరింగు ముక్కలు పళ్ల మధ్య నలిగి కొత్త సెట్టు పాడైంది. మళ్లీ సెట్టు కొన్నాం. రెండూ జతగా నూరిన పళ్లు కాబట్టి ఒకటి పోతే ఒకటే కొనడం కుదరదు. ఈసారి డబ్బు నేను పెట్టాను. పెద్దాయన హౌసింగు గొట్టాల్లో డీజిలు పోసి గుడ్డతో లోపలిదాకా తుడిపించాడు, పాత ముక్క ఒక్కటి మిగిలినా కొత్త బేరింగుని తినేస్తుందని. పళ్లకి పసుపు రంగు పేస్టు రాసి తిప్పి, మరక ఎక్కడ పడుతోందో చూశాడు. కొన మీద పడితే పినియన్‌ని లోపలికి, మొదట్లో పడితే బయటికి. నాలుగుసార్లు విప్పి బిగించాడు. పళ్ల మధ్య సందు డయల్ గేజితో 0.2 మిల్లీమీటరు వచ్చేదాకా వదల్లేదు. రెండు రోజులు పట్టింది.

వెళ్లేటప్పుడు, మొదట పాతిక ముప్పై కిలోమీటర్లు ఖాళీగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలని, అలా కొన్నిసార్లు చేయాలని, 800 కిలోమీటర్ల దాకా బరువు లోడు వద్దని, తర్వాత ఆయిల్ మార్చాలని చెప్పాడు. మావాడికి మూడు సంతలు పోయాయి. అక్క గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది.

ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఆ పిల్లే చెప్పింది. "మీటరు 800 చూపించినప్పుడు కాదు మేస్టారూ, 882" అంది. పలక మీద భాగహారం చేసి చూపించింది. మీటరు 882 దాటిన రోజున స్కూలు వెనక చెట్టు కింద ఆయిల్ దింపాం. సైన్సు పెట్టెలో అయస్కాంతం తనే తెచ్చి ముంచింది. బూడిద పేస్టు వచ్చింది. వేళ్ల మధ్య రుద్ది చూసి, గుచ్చుకోవట్లేదంది. మావాడు కొత్త ఆయిల్ పోసి బండి తీసి వంపు దాకా వెళ్లి వచ్చాడు. ముగ్గురం నిలబడి విన్నాం. టైర్ల చప్పుడు, ఇంజను చప్పుడు, అంతే.

ఆగిపోయిన నలుగురిలో ఇద్దరు ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టారు. ఈ పిల్ల పెట్టనంది. ఎందుకని నేనింకా అడగలేదు. వచ్చే సోమవారం అడుగుతాను.