తరగతి గదిలో పొదుగు

మదనపల్లె నుండి పుంగనూరుకు, అక్కడి నుండి పలమనేరు మీదుగా కుప్పానికి సాగిన మా ప్రయాణం పల్లె బడులను చూడటానికే. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. శీతకాలపు తెల్లవారుజామున అక్కడి చలి ఎముకలను తాకుతుంది. బడిలో గుడ్లు పొదిగించదలచిన వారికి మొదటి పరీక్ష ఆ చలే.

పుంగనూరులోని ఒక ఉర్దూ పాఠశాలలో మేము పొదుగు పెట్టెను చూశాము. థర్మోకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, థర్మోస్టాట్, గిన్నెలో నీళ్లు, 12 నాటు కోడిగుడ్లు. వేడి 37.5 డిగ్రీల వద్ద నిలకడగా ఉండాలి. గుడ్లను రోజుకు మూడు లేక ఐదు మార్లు తిప్పాలి. బేసి లెక్క ఎందుకంటే, ప్రతి రాత్రీ ఒకే వైపు పడి ఉండకూడదు. తిప్పకపోతే పిండం లోపలి పొరకు అంటుకుపోతుంది. 18వ రోజున తిప్పడం ఆపి, తేమ పెంచాలి. 21వ రోజున పిల్ల పెంకును పొడుచుకొని వస్తుంది.

పుస్తకంలో ఇది అర పేజీ. కానీ బడికి ఆదివారం ఉంది, గుడ్డుకు లేదు. సెలవు రోజుల్లో ఉపాధ్యాయురాలే వచ్చి తాళం తీసేవారట. కరెంటు పోయిన రాత్రి కాపలా మనిషి పెట్టెకు దుప్పటి చుట్టాడట. అన్నిటికన్నా కష్టం చివరి రోజు. “ఆపా, ఒక్కసారి మూత తీయండి!” అని పిల్లల గోల. మూత తీస్తే తేమ పోతుంది, పొర ఎండి పిల్ల ఒంటికి బిగుసుకుంటుంది. పెంకుకు చిల్లు పడిన తరువాత కూడా ఒక్కోసారి ఒక పూర్తి రోజు ఎదురుచూడాలి. ఆ ఓర్పు పెద్దలకే అరుదు!

ఏడు పిల్లలయ్యాయి. మిగిలిన ఐదు గుడ్లు ఏమయ్యాయని పిల్లలు అడిగినప్పుడు ఆమె దాచలేదు, ఉన్నది చెప్పారు.

ఈ విద్య కొత్తది కాదు. ఈజిప్టులో మట్టి ఇటుకల పొయ్యిలలో వేల గుడ్లు పొదిగించేవారు. 1200 ప్రాంతంలో అక్కడ ఉన్న బగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఆ పద్ధతిని వివరంగా వ్రాసిపెట్టారు. థర్మామీటరు ఎరుగని ఆ పనివారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి కనిపెట్టేవారు. అయితే వారి పిల్లలకు కొనేవారు సిద్ధంగా ఉండేవారు. బడిలో పుట్టిన పిల్లలు ఎవరింటికి వెళ్లాలి? బ్రిటన్‌లో జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ ఇందుకే బడులను వారిస్తోంది. పెరళ్లున్న మన పల్లెలకు ఆ వాదన పూర్తిగా వర్తించదని మా అభిప్రాయం. కానీ పుట్టేవాటిలో సుమారు సగం పుంజులే. నాటు పుంజు కోసం పందెగాళ్లు వాకిట నిలుస్తారు. ఆ ఉపాధ్యాయురాలు గుడ్లు పెట్టకముందే తల్లిదండ్రులను పిలిచి, పుంజును పందేనికి అమ్మబోమని మాట తీసుకున్నారు. పెట్టె కన్నా ఈ ముందుచూపే మాకు నచ్చింది.

సైన్సు పరికరాలను వ్యాన్లలో పల్లె బడులకు చేర్చే అగస్త్య సంస్థకు కుప్పం సమీపాన 172 ఎకరాల ప్రాంగణం ఉంది. వ్యాను ఒక పూట ఆగి వెళ్లవచ్చు. గుడ్డుకు మాత్రం 21 రోజులు ఎవరో కాపు ఉండాలి. కుప్పం దాటిన ఒక పల్లెలో అందుకు సులువైన ఉపాయం చూశాము. బడి పక్కింటి అవ్వ వరిగడ్డి గంపలో కోడిని పొదుగుకు కూర్చోబెట్టింది. గుడ్లను అదే తిప్పుకుంటుంది, కరెంటు అడగదు. అది మేతకు లేచిన కొద్ది నిమిషాల్లో పిల్లలు వరుసగా వచ్చి, ముట్టుకోకుండా గుడ్లు లెక్కపెట్టి, పలక మీద తేదీ వేసుకొని వెళుతున్నారు.