ప్రధాని పోస్టే మాయమైతే...

ఒంటిమీద నూలుపోగు లేకుండా, కాలిన గాయాలతో ఏడుస్తూ పరుగెత్తే తొమ్మిదేళ్ల పాప... వియత్నాంలో 1972లో నాపామ్ బాంబు పడ్డాక తీసిన కిమ్ ఫుక్ ఫొటో ప్రపంచాన్ని కదిలించింది. 2016లో నార్వే రచయిత టామ్ ఎగెలాండ్ యుద్ధచిత్రాల గురించి రాస్తూ దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టారు. నగ్నచిత్రమంటూ తీసేశారు, ఆయన ఖాతానూ ఆపేశారు. 'ఆఫ్టెన్‌పోస్టెన్' పత్రిక పెట్టినా అంతే. చివరికి ఆ దేశ ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ పోస్టూ మాయమైంది! పత్రిక సంపాదకుడు మొదటి పేజీలోనే జుకర్‌బర్గ్‌కు బహిరంగ లేఖ రాశారు. గగ్గోలు పెరిగాక, సెప్టెంబరు 9న ఫేస్‌బుక్ దిగొచ్చింది.

ప్రధాని కాబట్టి సరే... అదే ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఇల్లాలి పేజీ పోతే? కొనేవాళ్లతో పాటు పిల్లల ఫొటోలూ పోతాయి. అడుగుదామంటే అవతల మనిషే కనిపించడు!

మనదేశంలో ఇప్పుడు ఓ దారుంది. ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయాలి. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా, కేంద్రం 2023లో ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు.

అశ్లీలాన్ని ఆపాల్సిందే. కానీ శిక్ష వేసేముందు, చేసిన తప్పేంటో చెప్పాలి కదా!