కుంటాల ట్రిప్ ప్లాన్: "ట్రైబల్ విలేజ్ - 30 నిమిషాలు"



దీపావళి సెలవులకు మేము ఐదుగురం కుంటాల పోతున్నం. ఇద్దరం హాస్టల్ వాళ్ళం, ఇద్దరు హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన క్లాస్‌మేట్స్, ఇంకొకరు మా పెద్దనాన్న కొడుకు. కారు కిరాయికి తీసుకుని మేమే నడుపుకుంటూ పోవాలని ఆలోచన. ట్రిప్ మూడు రోజులే గానీ ప్లాన్‌కు పది రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో రాస్తే, రేపు మీరు కూడా మీ దోస్తులను మీ వైపు తీసుకుపోయేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి ప్లాన్ మా క్లాస్‌మేట్ రాసి పంపిండు. తెల్లవారి 4 గంటలకు బయలుదేరుడు. నిర్మల్‌లో టిఫిన్. కుంటాల 2 గంటలు. పొచ్చెర 1 గంట. ట్రైబల్ విలేజ్ 30 నిమిషాలు. రాత్రికి రిటర్న్.

"ఏ ఊరు రా?" అని అడిగిన. "ఏదైనా పర్వాలేదు, రోడ్డు పక్కన ఉంటే చాలు" అన్నడు. వాడు చెడ్డోడు కాదు. పోయిన సంవత్సరం నాకు జ్వరం వస్తే వాళ్ళింట్లో వారం రోజులు ఉంచుకున్నడు. కానీ ఆ ప్లాన్‌లో జలపాతాలకు పేర్లు ఉన్నయి, టిఫిన్ చేసే ఊరికి పేరు ఉన్నది, మన ఊరికి మాత్రం పేరు లేదు. కోపం చేసుకుంటే మాట అక్కడికే ఆగిపోతది. అందుకే "ఈసారి ప్లాన్ నేను రాస్త, చూసి చెప్పు" అన్న.

రాయడానికి కూర్చుంటే ముందు నీళ్ళు గుర్తుకొచ్చినయి. నేరడిగొండ దగ్గర హైవే దిగి 12 కిలోమీటర్లు పోతే కుంటాల. అక్కడ దూకేది కడెం వాగు, ఎత్తు సుమారు 45 మీటర్లు. శకుంతల అక్కడ స్నానం చేసేదని, ఆమె పేరు మీదనే కుంటాల అయిందని ఒక కథ చెప్తరు. రాళ్ళ మధ్య ఉన్న కుంటల వల్లే ఆ పేరు వచ్చిందని ఇంకో మాట. టూరిస్టులు కింద మడుగు దాకా చూసి మెట్లెక్కి వెళ్ళిపోతరు. నీళ్ళు మాత్రం అక్కడ ఆగవు. కడెం ప్రాజెక్టుకు పోతయి, అక్కడి నుంచి గోదావరిలో కలుస్తయి. గోదావరి జన్నారం వైపు పోతది. ఆ వైపే కలమడుగు దగ్గర హస్తినమడుగు ఉన్నది.

ఆ పేరు మనలో చాలామందికి తెలుసు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నుంచి చెప్పులు లేకుండా నడిచిపోయి గోదావరి జలం తెచ్చేది అక్కడి నుంచే. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్ళతోనే నాగోబాకు అభిషేకం. ఏ ఊర్లో ఆగాలె, ఎక్కడ రాత్రి ఉండాలె అన్నది ముందే పెద్దలు కూర్చుని నిర్ణయిస్తరు. వాళ్ళది ప్లాన్ కాకపోతే మరేంది? అంటే కుంటాలలో దూకిన నీళ్ళే గోదావరిలో కలిసి కిందికి పోతున్నయి, మెస్రం వాళ్ళు ఆ గోదావరి నీళ్ళనే మళ్ళీ కొండల మీదికి మోసుకొస్తున్నరు. మా సగ వేరు, మాకు ఆ బాధ్యత లేదు. కానీ చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ రెండు సంగతులు ఒకే నీళ్ళని ఆ కాగితం మీద గీత గీస్తుంటేనే నాకు అర్థమైంది.

అందుకని దారి ఇట్ల పెట్టిన.

మొదటి రోజు కుంటాల, తర్వాత బోథ్ వైపు పొచ్చెర. అక్కడి నుంచి ఇచ్చోడ మీదుగా గుడిహత్నూర్, కుడికి తిరిగి ముత్నూర్, కేస్లాపూర్. నాగోబా కొత్త గుడి 2022లో అయింది. మెస్రం వాళ్ళు తలా ఇంత వేసుకుని, సొంత డబ్బుతో రాతి గుడి కట్టుకున్నరు. ఆ తర్వాత ఇంద్రవెల్లి స్తూపం. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం, న్యాయమైన ధరల కోసం సభకు వచ్చిన మనవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. సర్కారు లెక్క 13 మంది, అంతకంటే చాలా ఎక్కువని మన పెద్దలు చెప్తరు. దీని గురించి చెప్తే మా క్లాస్‌మేట్ కాసేపు ఏం మాట్లాడలేదు. "పుట్టినప్పటి నుంచి తెలంగాణలోనే ఉన్న, నాకెవ్వరూ చెప్పలే" అన్నడు. 30 నిమిషాల లైన్ వాడే కొట్టేసిండు.

మొదటి రాత్రి ఉట్నూర్ అవతల మా అమ్మమ్మ ఊర్లో.

రెండో రోజు జైనూర్ మీదుగా మార్లవాయి. హైమెండార్ఫ్ దంపతులు ఉన్న ఊరు, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి అక్కడే ఉన్నది. 1943లో అక్కడ పెట్టిన ట్రైనింగ్ సెంటర్‌లోనే మన మొదటి తరం పంతుళ్ళు తయారైండ్రు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన నాలాంటోళ్ళు ఒక్కసారైనా చూడవలసిన ఊరు. గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చిన కనకరాజు గారిది కూడా మార్లవాయే. అక్కడి నుంచి కెరమెరి ఘాట్ దాటి జోడేఘాట్, 1940లో కొమురం భీం నేలకొరిగిన చోటు. సాయంత్రానికి మళ్ళీ ఉట్నూర్. మూడో రోజు జన్నారం, హస్తినమడుగు, లక్సెట్టిపేట, కరీంనగర్ మీదుగా హైదరాబాద్.

ఇక దండారి సంగతి. దీపావళి రోజుల్లో ఊరూరా గుస్సాడీలు ఉంటరు. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద చూడగానే ఎవరికైనా ఫోన్ తీయాలనిపిస్తది. దోస్తులకు మూడే మాటలు చెప్పిన. వాళ్ళు దీక్షలో ఉంటరు, దండారి ముగిసేదాకా స్నానం కూడా చెయ్యరు, కాబట్టి మీద చేతులు వేసి సెల్ఫీలు వద్దు. ఊరి పటేల్‌ను అడగకుండా వీడియో వద్దు. పెట్టింది కూర్చుని తినాలె. దండారి అంటేనే ఒక ఊరోళ్ళు ఇంకో ఊరికి చుట్టాలుగా పోవుడు. వచ్చినోళ్ళకు అన్నం పెట్టి, రాత్రి ఉంచుకుని, కలిసి ఆడి పంపిస్తరు. మీరు కూడా చుట్టాలుగా రండి, ఎవ్వరూ మీకు అడ్డం చెప్పరు అన్న.

అన్నిటికంటే పెద్ద చర్చ బండి ఎవరు నడపాలని. మేం అడిగిన కాడ 21 నిండితేనే కారు ఇస్తమన్నరు. నాకు 20. సిటీ దోస్తుకు లైసెన్స్ ఉన్నది గానీ ఘాట్ మలుపులు అలవాటు లేవు. మా అన్నకు 24. ఆరేళ్ళుగా వేరేవాళ్ళ బండ్లే నడుపుతుండు. సీజన్‌లో పత్తి లోడు, లేకుంటే టూరిస్టుల కిరాయి. ఫోన్ చేసి అడిగితే మొదట రేటు చెప్పిండు, అలవాటు కొద్దీ. కిరాయి కాదన్నా, నువ్వు మాతో పాటు ట్రిప్‌కు వస్తున్నవు అని చెప్పిన. కొంచెంసేపు ఆగి, "కుంటాల పార్కింగ్ కాడికి ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు రా తమ్మి. బండి కాడనే ఉండాలె గదా, ఒక్కసారి కూడా కిందికి దిగలే" అన్నడు.

ఖర్చుల లెక్కలో అన్న మూడు రోజుల కూలి కూడా రాసినం. వద్దన్నడు. "పైసలు తీసుకుంటే మళ్ళ డ్రైవర్‌నే అయిత" అన్నడు. అందుకే ఆయన వాటా పెట్రోల్ మేం నలుగురం పంచుకుంటున్నం. మొత్తం 800 కిలోమీటర్ల దాకా అవుతది. లీటరుకు 15 అనుకున్నా పెట్రోల్‌కే ఆరు వేల దగ్గరికి పోతది. అమ్మమ్మ ఊర్లో రూమ్ కిరాయి లేదు కాబట్టి సరిపోతది. ఊరికి పోయేటప్పుడు బియ్యం, పప్పు, నూనె కొనుక్కుని పోతం. ఐదుగురి తిండి ఆమె ఒక్కదాని మీద వేయొద్దు.

ఒక్క షరతు మా అమ్మది: "చూసి రండి, నీళ్ళల్లకు దిగకుండ్రి." కుంటాలకు పోయే ప్రతి ఒక్కరికీ ఇదే చెప్తున్నా. మెట్లు 400 దాకా ఉంటయి, దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడు తెలుస్తది. కింద రాళ్ళు నాచు పట్టి జారుతయి, మడుగు లోతు పైకి కనిపించదు. ఈత వచ్చినోళ్ళు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నరు. వానకాలంలో ప్రవాహం బాగుంటది, ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. దీపావళి నాటికి నీళ్ళు తగ్గినా రాయి మాత్రం అదే రాయి. ఇంకోటి, చీకటి పడ్డాక అడవి రోడ్ల మీద బండి పెట్టొద్దు. పశువులు అడ్డం వస్తయి, సిగ్నల్ ఉండదు.

ఇది మా ఆదిలాబాద్ ప్లాన్. మన గ్రూపులో వాజేడు వైపు తమ్ముళ్ళున్నరు, బొగత మీకు దగ్గర. అరకు వైపు చెల్లెళ్ళున్నరు, కటికి మీకు తెలుసు. జలపాతం ఎక్కడున్నదో ఫోనే చూపిస్తది. దాని చుట్టూ ఏ ఊళ్ళున్నయి, ఎవరింట్ల ఆగాలె, ఎక్కడ ఫోన్ జేబులో పెట్టుకోవాలె అన్నది మీరే చెప్పాలె. మీ వైపు దారి కూడా ఒకటి రాసి పెట్టండి, ఊళ్ళ పేర్లతో సహా.