అమ్మ నడవగలిగిన దూరం



నడుము నొప్పి ఎరుగని ఇల్లు మన పల్లెల్లో అరుదు. నాట్లు వేసి, కలుపు తీసి, నీళ్ల బిందెలు మోసిన నడుములు ఇవి. పెద్దవాళ్లు నొప్పి అంటే "వయసు కదా" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. అయితే నడుము జబ్బులన్నీ ఒకటి కావు. వాటిలో ఒకదానికి వేరే గుర్తు ఉంది. వంగితే హాయి, నిటారుగా నిలబడితే బాధ. మా అమ్మకు వచ్చింది అదే. ఆ విషయమై మేము ముగ్గురు తోబుట్టువులం తెలుసుకున్న సంగతులు మీ ఇంట్లో ఎవరికైనా ఉపయోగపడవచ్చునని వ్రాస్తున్నాము.

అమ్మకు అప్పుడు 67 ఏళ్లు. పొలంలో వంగి గంటసేపు కలుపు తీయగలిగేది. నడవమంటే మాత్రం నాలుగు ఇళ్లు దాటేసరికి రెండు పిక్కలు బరువెక్కి, మొద్దుబారి, ఏ అరుగు కనబడితే ఆ అరుగు మీద కూలబడేది. కాసేపు కూర్చుంటే తగ్గేది. లేచి నడిస్తే మళ్లీ అదే. "పనికి రాని నొప్పి నడకకే వస్తుందా?" అని ఇరుగుపొరుగువారు నవ్వితే అమ్మ మనసు చిన్నబుచ్చుకునేది. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆ మాటతోనే జబ్బు సగం తెలిసిందన్నారు.

వెన్నెముక లోపల పైనుండి క్రిందికి ఒక కాలువ వంటి దారి ఉంటుంది. కాళ్లకు వెళ్లే నరాలు అందులోనుండే దిగుతాయి. వయసు పెరిగేకొద్దీ డిస్కులు అరిగి ఉబ్బుతాయి, కీళ్ల దగ్గర ఎముక పెరుగుతుంది, వెనుకనున్న పసుపు రంగు లిగమెంటు దళసరి అవుతుంది. దారి ఇరుకై నరాలు నలుగుతాయి. దీనినే లంబార్ కెనాల్ స్టెనోసిస్ అంటారు. నిటారుగా నిలబడితే ఆ లిగమెంటు లోపలికి ముడుచుకుని దారి మరింత ఇరుకవుతుంది. వంగితే సాగి కొంచెం తెరుచుకుంటుంది. అందుకే ఈ జబ్బున్నవారు కొందరు సైకిలు తొక్కగలరు గాని నడవలేరు. హాలెండు దేశంలో ఊట్రెక్ట్ నగరపు డాక్టరు హెంక్ వెర్బీస్ట్ 1954లో దీనిని వివరించి వ్రాసిన తరువాత వైద్యలోకం దీనిని బాగా గుర్తించింది.

కాళ్లలో రక్తనాళాలు పూడినా నడిచేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. కాని ఆ నొప్పి ఊరకే నిలబడినా తగ్గుతుంది. ఇది కూర్చుంటే గాని, వంగితే గాని తగ్గదు. డాక్టరుగారు అమ్మ పాదాల దగ్గర నాడి పట్టి చూసి, ఆ తరువాతే ఎం.ఆర్.ఐ. తీయించారు.

మొదట మాత్రలు, వ్యాయామాలు ఇచ్చారు. వాటితోనే కుదుటపడేవారు చాలామంది ఉన్నారు. అమ్మకు మాత్రం ఆరు నెలలకు నడక ఇంకా తగ్గి నూరు అడుగులకు వచ్చింది. ఒక పెద్ద ఆస్పత్రిలో చూపిస్తే కడ్డీలు, స్క్రూలు బిగించాలన్నారు. ఖర్చు లక్షల్లో చెప్పారు. వెన్నెముక మీద కత్తి పెడితే మంచాన పడటమేనని మా మామయ్య భయపెట్టాడు. లేజరుతో నిమిషంలో తీసేస్తారని మరొకరు ఆశపెట్టారు. అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మా పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, "తొందరపడకండి, ఇంకొక డాక్టరుగారిని కూడా అడగండి" అన్నారు.

రెండవ డాక్టరుగారు అమ్మను ముందుకు, వెనుకకు వంచి ఎక్స్‌రేలు తీయించారు. ఎముకలు ఒకదానిపై ఒకటి జారడం లేదు గనుక స్క్రూలు అక్కరలేదన్నారు. స్వీడన్ దేశంలో 247 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారట. ఒకటి రెండు చోట్ల దారి ఇరుకైనవారికి నరాల మీద ఒత్తిడి తీసివేయడంతో పాటు ఎముకలు బిగించినా, అదనపు మేలు కనబడలేదట. ఎముక బాగా కదిలిపోతున్నవారికి, వెన్ను వంకర తిరిగినవారికి బిగింపు అవసరం కావచ్చు. అందరికీ కాదు. ఇక పెరిగిన ఎముకను తొలిచి దారి వెడల్పు చేయడం డ్రిల్లు పని గాని లేజరు పని కాదని కూడా చెప్పారు.

తాను చేయబోయేది కాగితం మీద గీసి చూపించారు. పాత పద్ధతిలో నడుము మధ్య పొడవుగా కోసి, రెండు ప్రక్కల కండరాలను ఎముకనుండి ఒలిచి, వెనుక ఎముకను తీసేవారు. ఇప్పుడు సుమారు రెండు సెంటీమీటర్ల గాటు చాలు. ఎక్స్‌రేలో చోటు సరిచూసుకుని సన్నని గొట్టం దింపుతారు. దానిపై కొంచెం లావుది, దానిపై ఇంకొంచెం లావుది తొడుగుతూ పోతారు. కండరం తెగకుండా ప్రక్కకు తొలగుతుంది. చివరి గొట్టంలోనుండి మైక్రోస్కోపుతో చూస్తూ డ్రిల్లుతో ఎముకను పలుచన చేసి, కెర్రిసన్ అనే కొరికే పట్టకారుతో దళసరి లిగమెంటును కొద్దికొద్దిగా తీస్తారు. గొట్టాన్ని వాలిస్తే ఆ ఒక్క గాటునుండే అవతలి ప్రక్క నరాలనూ విడిపించవచ్చు. అమెరికాలో ఫోలీ, స్మిత్ అనే డాక్టర్లు 1997లో డిస్కు ఆపరేషనుకు ఈ గొట్టం పద్ధతిని వివరించారు. తరువాత ఇరుకు దారికీ వాడారు. రెండు చిన్న రంధ్రాలతో చేసేది మరొకటి. ఒక రంధ్రంలో కెమెరా, ఉప్పునీటి ధార. రెండవదానిలో పనిముట్లు.

"గాటు చిన్నదని పని చిన్నదనుకోకండి" అని కూడా చెప్పారు. నరాల పైపొర చిరిగి నీరు కారవచ్చు, చీము పట్టవచ్చు, కొన్నాళ్లకు దారి మళ్లీ ఇరుకు కావచ్చు. నార్వే దేశంలో వెన్ను మధ్యకట్టును కాపాడుతూ చేసే మూడు పద్ధతులను 437 మందిలో పోల్చి 2022లో ప్రకటించారు. రెండేళ్ల తరువాత మూడింటి ఫలితమూ ఇంచుమించు ఒకటేనట. పద్ధతి పేరుకంటే దానిలో చేయి తిరిగిన డాక్టరు ముఖ్యమని మాకు అర్థమైంది.

అప్పుడు ఆయన మావైపు కాక అమ్మవైపు తిరిగారు. "అమ్మా, మీకు నడుము నొప్పి తగ్గాలా, నడక రావాలా?" అని అడిగారు. అమ్మ ఆలోచించి, "నడుము నొప్పి నాకు నలభై ఏళ్లుగా అలవాటే బాబూ. నా కాళ్లు నాకిస్తే చాలు" అంది. "ఈ ఆపరేషను కాళ్ల కోసమే. నడుము నొప్పి పోతుందని నేను మాట ఇవ్వను" అన్నారు. ఆ ఒక్క మాటతో అమ్మ భయం తగ్గింది. ఒప్పుకున్నది తనే.

మరుసటి రోజు పట్టుకుని నడిపించారు. మూడవ రోజున ఇంటికి వచ్చాము. ఆరు వారాలు బిందె ఎత్తనివ్వలేదు, వంగనివ్వలేదు. మూడు నెలలకు ఎక్కడా కూర్చోకుండా కిలోమీటరు నడిచింది. ఎడమ బొటనవ్రేలి తిమ్మిరి మాత్రం పోలేదు. ఎక్కువ కాలం నలిగిన నరం పూర్తిగా కోలుకోకపోవచ్చునట. నడుము నొప్పి కూడా ఉంది. డాక్టరుగారు ముందే చెప్పారు గనుక ఎవరమూ దిగులుపడలేదు.

మీ ఇంట ఇటువంటి నిర్ణయం వస్తే గాటు ఎంత అని మాత్రమే అడగవద్దు. ఏ నరం నలుగుతున్నది, ఈ ఆపరేషను కాలి కోసమా నడుము కోసమా, స్క్రూలు ఎందుకు కావాలి, మీరు ఇటువంటివి ఎన్ని చేశారు అని అడగండి. షుగరు, బి.పి., రక్తం పలుచన చేసే మాత్రలు ఉంటే ముందుగా చెప్పండి. ప్రభుత్వ పథకం క్రింద ఆ చికిత్స వస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఒక్క సంగతి మరువకండి. మూత్రం, విరేచనం అదుపు తప్పినా, కూర్చునే భాగం మొద్దుబారినా, పాదం పడిపోయినా ఆలోచించుకునే వ్యవధి లేదు. ఆ పూటే పెద్దాస్పత్రికి తీసుకువెళ్లండి. మిగతా వారికి ఆలోచించుకునే సమయం ఉంటుంది. ఆ సమయంలో మొదట అడగవలసింది నొప్పి భరించే వారినే.